జోకు అయిపోయాక ఏం జరిగింది?

సీమ నుంచి హైదరాబాద్‌కో బెంగళూరుకో ఉద్యోగానికి వచ్చిన వాళ్లందరి దగ్గరా ఒక రెడీమేడ్ జోకు ఉంటుంది. కొత్త టీమ్, మొదటి లంచ్. "మీదేవూరు?" అని అడుగుతారు. "నంద్యాల దగ్గర ఆళ్లగడ్డ" అంటాం. అవతలివాళ్ల కనుబొమలు పైకి లేస్తాయి. "అమ్మో! ఇంట్లో బాంబులున్నాయా?" ఇక్కడ మనకి రెండు దారులు. మొహం మాడ్చుకోవచ్చు. లేదంటే "ఉన్నాయి, మిద్దె మీద వడియాల పక్కనే ఎండబెట్టాం" అనొచ్చు. రెండోది అన్నామా, టేబుల్ టేబులంతా నవ్వు. ఆ పూటకి "భలే సరదా మనిషి" అని పేరు.

జోకు పనిచేస్తుంది కాబట్టే ఎవరూ దాన్ని వదులుకోరు. ఒక్క మాటతో అందరూ కాస్త ఇబ్బంది పడే క్షణం దాటిపోతుంది. కానీ ఒకటి గమనించండి. ఆ ఇబ్బంది తెచ్చింది మనం కాదు, వాళ్లు చూసిన సినిమాలు. దాన్ని పోగొట్టే పని మాత్రం మనది. అది కూడా మన ఊరిని మనమే ఎగతాళి చేసుకుని పోగొట్టాలి.

ఈ లెక్క నాకు నేనుగా తట్టింది కాదు. ఆస్ట్రేలియాకి దిగువన ఉన్న ఒక దీవి నుంచి వచ్చిన కమెడియన్ స్టేజీ మీద ఒంటరిగా నిలబడి విప్పి చెప్తే అర్థమైంది. ఆ షో పేరు 'నానెట్'. చెప్పినవాళ్లు హన్నా గాడ్స్‌బీ. 2018 జూన్ 19న నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. పాతదే కదా అంటారేమో. నేను దాన్ని ఆళ్లగడ్డలో, మా జేజి పక్కన కూర్చుని చూశాను. అప్పుడది మా ఊరి షో అయిపోయింది. ఈ వారం ఆ ముచ్చటే.

ఒక మైకు, ఒక మనిషి

ముందు షో సంగతి. హన్నా పుట్టి పెరిగింది టాస్మానియాలోని స్మిత్‌టన్ అనే చిన్న ఊరు. అందరికీ అందరూ తెలిసిన ఊరు అన్నమాట. ఆడవాళ్లనే ఇష్టపడే అమ్మాయికి అక్కడ బతకడం తేలిక కాదు. ఇద్దరు మగవాళ్ల మధ్య సంబంధాన్ని నేరంగా చూసే చట్టాన్ని ఆస్ట్రేలియాలో అన్ని రాష్ట్రాలకంటే ఆఖరున తీసేసింది టాస్మానియానే. అది 1997లో. మనం నవ్వుకోనక్కర్లేదు. మన సుప్రీంకోర్టు 377 సెక్షన్ మీద తీర్పు ఇచ్చింది 2018 సెప్టెంబర్ 6న. అంటే 'నానెట్' మన ఫోన్లలోకి వచ్చిన తర్వాతే.

ఇంకో చిన్న మాట. తనని ఆడ, మగ అనే రెండు పెట్టెల్లో దేంట్లోనూ పెట్టొద్దని హన్నా తర్వాతి రోజుల్లో చెప్పారు. ఇంగ్లీషులో ఇది పెద్ద తలనొప్పి. మనకి 'తను' ఉంది, 'వారు' ఉంది, 'చెప్పారు' ఉంది. తెలుగు ఇలాంటి చోట ఎంత హాయిగా ఉంటుందో రాస్తుంటే తెలిసింది.

షో పేరు వెనక కూడా ఒక తమాషా ఉంది. నానెట్ అంటే హన్నా ఒక కాఫీ షాపులో చూసిన ఒకావిడ. ఈవిడ మీద గంటసేపు కామెడీ చెప్పొచ్చు అనుకుని ముందే పేరు పెట్టేశారట. తీరా కూర్చుంటే గంటకి సరిపడా సరుకు దొరకలేదు. పేరు అలాగే మిగిలిపోయింది, లోపలికి తన సొంత బతుకు వచ్చి చేరింది. 2017లో ఎడిన్‌బరో కామెడీ అవార్డు ఇద్దరు పంచుకుంటే అందులో ఒకరు హన్నా. తర్వాత సిడ్నీ ఒపేరా హౌస్‌లో షూట్ చేశారు. 2019లో రచనకి ఎమ్మీ వచ్చింది. వేదిక మీద డాన్సుల్లేవు, సెట్టింగులు మారవు, ఇంకో నటుడు లేడు. దాదాపు గంటా పది నిమిషాలు మాటలే.

మొదటి అరగంట మామూలు కామెడీ షోలాగే నడుస్తుంది. తన ఊరి మీద జోకులు, తన అమ్మ మీద జోకులు, తనని చూసి మగవాడనుకున్న వాళ్ల మీద జోకులు. తర్వాత హన్నా మెల్లిగా తన వృత్తి రహస్యం బయటపెడతారు. కమెడియన్ ముందు మనలో ఒక బిగువు పుట్టిస్తాడు, తర్వాత నవ్వించి దాన్ని వదిలిస్తాడు. అదే పని మళ్లీ మళ్లీ. చిన్నప్పట్నించీ తను ఎక్కడికెళ్తే అక్కడ జనం బిగుసుకుపోయేవాళ్లు కాబట్టి, దాన్ని వదిలించడం తనకి అప్పుడే అలవాటైపోయిందట. లంచ్ టేబుల్ దగ్గర మనం చేసే పని ఇదే కదా! కాకపోతే మనకి ఎమ్మీ ఇవ్వరు.

అక్కణ్నుంచి హన్నా ఇంకో మెట్టు దిగుతారు. జోకుకి రెండే ముక్కలు కావాలి: మొదలు, నవ్వు. కథకి మూడు కావాలి: మొదలు, మధ్య, చివర. జోకు బాగా పేలాలంటే కథని మధ్యలో, సరిగ్గా నవ్వొచ్చే చోట కోసెయ్యాలి. ఏళ్ల తరబడి అలా కోసి కోసి చెప్పాక, ఆ కోసిన కథే నిజమన్నట్టు మనసులో ఉండిపోతుంది. చివర ఎక్కడికీ పోదు, లోపలే పుండులా ఉంటుంది. అందుకే ఇక కామెడీ మానేస్తున్నానని స్టేజీ మీదే ప్రకటిస్తారు.

బస్టాపు కథ, జేజి ప్రశ్న

పోయిన ఎండాకాలం రెండు వారాలు ఇంటి నుంచి పని దొరికితే ఊరెళ్లాను. మధ్యాహ్నం పూట ఆళ్లగడ్డలో బయట కాలు పెట్టలేం. నాపరాళ్ల మీద నీళ్లు చల్లుకుని నడవలో పడుకోవడమే. జేజి గోడకి ఆనుకుని చింతపండు గింజలు తీస్తోంది. నేను ఫోన్ చెంబుకి ఆనించి 'నానెట్' పెట్టుకున్నాను.

"ఎవరమ్మీ ఆ పిల్లోడు? అంతమంది నవ్వుతాండారు?" అంది జేజి.

"పిల్లోడు కాదు జేజీ. ఆడమనిషి."

"అట్లనా?" అని కళ్లద్దాలు సర్దుకుని చూసింది. "ఏం చెప్తాంది?"

సరే, ఆపి ఆపి తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. ఆ మనిషికి మగవాళ్లంటే ఇష్టం లేదు, ఆడవాళ్లంటేనే ఇష్టం అనే సంగతి ఎలా చెప్పాలా అని నేను మాటలు వెతుక్కుంటుంటే జేజి ఒక్క ముక్కలో తేల్చేసింది. "అట్లాంటోళ్లు మనూర్లో మాత్రం ఉండరా ఏంది. ఉంటారు. చెప్పరు, అంతే."

బస్టాపు కథ వచ్చింది. రాత్రి పొద్దుపోయాక హన్నా బస్టాపులో ఒకమ్మాయితో మాట్లాడుతుంటారు. ఆ అమ్మాయి బాయ్‌ఫ్రెండ్ ఎక్కణ్నుంచో ఊడిపడి, "నా పిల్లతోనే మాట్లాడతావా" అని తోసేస్తాడు. హన్నాని మగవాడనుకున్నాడు. ఆ అమ్మాయి అడ్డమొచ్చి ఆడమనిషని చెప్తుంది. వాడు కంగారుపడి క్షమాపణ చెప్తాడు, ఆడవాళ్లని కొట్టే రకం కాదంటాడు. ఎంత పెద్దమనిషో చూడండి అన్నట్టు హన్నా మొహం పెడతారు. ఒపేరా హౌస్ అంతా ఘొల్లుమంది. నేనూ నవ్వాను.

జేజి కూడా నవ్వింది. కానీ నవ్వు ఆగకముందే అడిగింది: "అట్లంటే వాడు ఉత్తగనే పోయినాడా?"

"పోయినాడంట జేజీ."

"పోడు." చేతిలో గింజ పక్కన పడేసింది. "నలుగురి ముందర తలకాయ దించుకోని పోయినోనికి మలుపు తిరిగినాక రోసం వస్తాది. మళ్ల వచ్చింటాడు సూడు."

నేను అప్పటికి షో మొత్తం చూసి ఉండలేదు. ముసలావిడ ఏదో అంటోందిలే అనుకుని ప్లే నొక్కాను. జోకులు సాగాయి. వాన్ గో పొద్దుతిరుగుడు పూల గురించి వచ్చింది, పికాసో గురించి వచ్చింది. హన్నా చదివింది కళల చరిత్ర, అందుకే అవన్నీ. జేజికి అవి బోరు కొట్టి కునుకు తీసింది. చివరికొచ్చాక హన్నా మళ్లీ బస్టాపు దగ్గరికే వచ్చారు. ఆ కథ మీకు పూర్తిగా చెప్పలేదు అన్నారు.

వాడు మళ్లీ వచ్చాడు. సంగతి అర్థం చేసుకుని వచ్చాడు. ఇలాంటి ఆడదాన్నైతే కొట్టొచ్చు అనుకుని వచ్చాడు. చావగొట్టాడు. చుట్టూ ఉన్నవాళ్లు ఎవరూ ఆపలేదు. హన్నా పోలీసుల దగ్గరికి వెళ్లలేదు, ఆస్పత్రికీ వెళ్లలేదు. తన విలువ అంతే అనుకున్నారు కాబట్టి. ఆ చివర చెప్తే జోకు పేలదు కాబట్టి, ఇన్నేళ్లూ దాన్ని వదిలేసి చెప్తూ వచ్చారు. ఇప్పుడు హాల్లో ఒక్క నవ్వు లేదు. హన్నా కూడా ఎవరినీ నవ్వించి వదిలించలేదు. ఈ బిగువు ఇక మీదే, మీరే మోసుకెళ్లండి అన్నట్టు వదిలేశారు.

జేజిని లేపి చెప్పాను. ఆశ్చర్యపోలేదు. "చెప్పలా నేను?" అంది.

ఒపేరా హౌస్‌లో అంతమంది టికెట్ కొనుక్కుని వచ్చినవాళ్లు కథ అక్కడితో అయిపోయిందని నవ్వేశారు. ఆళ్లగడ్డలో చింతపండు గింజలు తీస్తున్న మనిషికి అది అయిపోలేదని తెలిసింది. ఎలా తెలిసిందో ఆ సాయంత్రం అర్థమైంది.

బర్రెకి మేతేస్తాంటే

మా ఇంట్లో జేజిది ఒక సూపర్‌హిట్ కథ ఉంది. పెళ్లిళ్లలో, పండగల్లో ఎవరో ఒకరు అడిగి మరీ చెప్పించుకుంటారు. మా నాయన చంటిపిల్లోడుగా ఉన్నప్పటి సంగతి. ఊళ్లో గొడవలు. ఒక రాత్రి ఎవరో వస్తున్నారని తెలిసి తాత గడ్డివామిలో దూరి దాక్కున్నాడు. అక్కడే నిద్రపోయాడు. తెల్లారి జేజి ఎప్పటిలాగే బర్రెకి గడ్డి లాగుతుంటే గడ్డితో పాటు తాత బయటపడ్డాడు. మీసాల నిండా వరిగడ్డి, నెత్తిమీద ఒక కోడి. జేజి పంచ్‌లైన్ మా వంశంలో అందరికీ నోటికొచ్చు: "బర్రెకి మేతేస్తాంటే మొగుడు రాలినాడు!"

తాత బతికున్నప్పుడు ఆయన కూడా నవ్వేవాడు. మంచి జోకు. ఇప్పుడు రాస్తున్నా నాకు నవ్వొస్తోంది.

ఆ సాయంత్రం, హన్నా కథ విన్నాక, జేజిని అడిగాను. "ఆ రాత్రి వాళ్లు వచ్చినారా జేజీ, రాలేదా?"

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. వచ్చారు. నలుగురు. చేతుల్లో ఏమున్నాయో చీకట్లో కనపడలేదు. తలుపు తట్టారు. ఇంట్లో ఉన్నది ఆమె, చంకలో పిల్లోడు. "తలుపు తీసింది నేను గదమ్మీ" అంది. ఇన్నేళ్లుగా విన్న కథలో తలుపనేదే లేదు. తాత శెనక్కాయలు అమ్మడానికి నంద్యాలకి పోయినాడని చెప్పింది. ఒకడు కుండలు తన్నాడు. ఇంకొకడు పిల్లోడి కాలు పట్టుకుని లాగాడు. ఆమె వదల్లేదు. వాళ్లలో వయసు మళ్లిన మనిషి ఒకడు "పాండ్రా" అంటే వెళ్లిపోయారు. తెల్లారేదాకా గడప మీదే కూర్చుంది. వామి వైపు చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుందని అటు చూడను కూడా చూడలేదు.

"తెల్లారి నవ్వితి గద. అది నవ్వో ఏడుపో నాకే తెలీదు."

మా ఇంట్లో జేజి మీద ఇంకో జోకు ఉంది. ఎవరు తలుపు తట్టినా "ఎవరప్పా?" అని మూడుసార్లు అడగందే గడియ తియ్యదు. పాలవాడు కూడా మూడుసార్లు జవాబు చెప్పాల్సిందే. ఓటీపీ జేజి అంటాం. ఆ ఓటీపీ యాభై ఏళ్ల కిందటి ఆ రాత్రి నుంచి వస్తోంది.

ఇది రాసుకోవచ్చా అని అడిగితే, "పేరు రాయొద్దు, ఊరి పేరు రాయొద్దు, మిగతాది రాసుకో" అంది. అందుకే ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఒక పల్లె అని మాత్రమే చెప్తున్నాను.

సిరివెళ్ల నుంచి వచ్చిన గొంతు

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకి బస్సెక్కితే మధ్యలో సిరివెళ్ల వస్తుంది. జయప్రకాశ్ రెడ్డి గారు పుట్టిన ఊరు. గుంటూరులో లెక్కల మాస్టారుగా పనిచేస్తూ నాటకాలాడిన మనిషి. 1988లో 'బ్రహ్మపుత్రుడు'తో సినిమాల్లోకి వచ్చారు. 1997లో 'ప్రేమించుకుందాం రా', 1999లో 'సమరసింహా రెడ్డి' వచ్చాక రాష్ట్రమంతా సీమ యాస అంటే ఆయన గొంతే అనుకుంది. ఆ గొంతు వింటే భయం. తర్వాత 2005లో 'ఎవడి గోల వాడిది' లాంటి సినిమాల్లో అదే గొంతు, అదే యాస. ఈసారి వింటే నవ్వు.

భయం, నవ్వు. మన మాటకి తెలుగు సినిమాలో దొరికిన కుర్చీలు ఎక్కువగా ఈ రెండే. ఆ రెంటికీ మధ్యలో మామూలుగా బతికే సీమ మనిషి ఉంటాడు: మార్కెట్ యార్డులో రేటు కోసం కూర్చున్నవాడు, కేసీ కెనాల్ నీళ్ల కోసం ఎదురుచూసేవాడు, తలుపు తీసే జేజి. వాళ్లకి కుర్చీ వెయ్యలేదు. ఆళ్లగడ్డ రోడ్డు మీద వెళ్తే పక్కన షెడ్లలో ఉలి చప్పుళ్లు వినిపిస్తాయి. ఇక్కడ చెక్కిన దేవుళ్లు ఎక్కడెక్కడి గుళ్లకో వెళ్తారు. ఈ శిల్పకళకి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. కానీ లంచ్ టేబుల్ దగ్గర ఎవరూ "మీ ఇంట్లో ఉలి ఉందా?" అని అడగరు.

ఇది జయప్రకాశ్ రెడ్డి గారి తప్పు కాదు. ఆయనకి దక్కిన పాత్రలు అవి. వాటిలో ఆయన ప్రాణం పెట్టారు. అంత సినిమా కెరీర్ ఉండి కూడా ఆయన వేదిక వదల్లేదు. 'అలెగ్జాండర్' అనే నాటకంలో వేదిక మీద ఆయనొక్కరే. రిటైరైన సైనికాధికారి పాత్ర. తర్వాత దాన్ని సినిమాగా కూడా తీశారు. 2020 సెప్టెంబర్ 8న గుంటూరులో కన్నుమూశారు. స్టేజీ మీద ఒంటరిగా నిలబడి జనాన్ని కూర్చోబెట్టగల సత్తా సిరివెళ్ల మనిషికి ఉందని ఆ నాటకం చూపించింది. అయితే అది ఆయన కథ కాదు, ఒక పాత్ర కథ. లెక్కల మాస్టారు విలన్ ఎలా అయ్యాడో, విలన్ కమెడియన్ ఎలా అయ్యాడో, తన ఊరి మాట తనని ఎక్కడెక్కడికి తీసుకెళ్లిందో ఆయన అలా ఒంటరిగా నిలబడి చెప్పి ఉంటే? టికెట్ ఎంతైనా నేను కొనేదాన్ని.

పేరు పెట్టుకున్నది ఇక్కడే

మన గురించి మనమే చెప్పుకోవడం ఈ ఊళ్లకి కొత్తేం కాదు. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఇంగ్లీషు కంపెనీకి ఇచ్చేశాడు. ఇచ్చేసిన జిల్లాలు కాబట్టి 'సీడెడ్' అన్నారు, తెలుగులో 'దత్త మండలం' అన్నారు. ఒకరు ఇంకొకరికి ఇచ్చిన వస్తువు అన్నట్టు, నూట ఇరవై ఏళ్లకి పైగా అదే పేరు. 1928 నవంబరులో నంద్యాలలో ఆంధ్ర మహాసభ జరిగినప్పుడు ఆ పేరు మనకొద్దన్నారు. చిలుకూరి నారాయణరావు గారు 'రాయలసీమ' అనే పేరు ప్రతిపాదించారు. అదే నిలిచింది. అంటే మన పేరు మనం పెట్టుకున్నది నంద్యాలలోనే. మన కథ మనం చెప్పుకోవడం దాని తర్వాతి మెట్టు.

ఒక్కరే స్టేజీ మీద నిలబడటం కూడా మనకి కొత్త కాదు. హరికథ ఒక్కరు నడిపేదే. స్కూల్ యానివర్సరీలో ఏకపాత్రాభినయం లేకుండా ఉండదు. దుర్యోధనుడి మయసభ, శ్రీకృష్ణదేవరాయలు, మా వైపైతే ఉయ్యాలవాడ నరసింహారెడ్డి. ఉయ్యాలవాడ మాకు పక్కనే కదా. అమ్మాయిలైతే ఝాన్సీ లక్ష్మీబాయి. గదలు, కత్తులు, అట్ట కిరీటాలు బోలెడు. అయితే ఆ స్టేజీ ఎక్కి "నేను ఫలానా ఊరి ఫలానా పిల్లని, నాకు జరిగింది ఇది" అని చెప్పిన ఏకపాత్ర నేను చూడలేదు. మన ఏకపాత్రలో పాత్ర ఉంటుంది, మనం ఉండం.

ఇంటి సంగతుల్లోంచి హాస్యం తీసిన ఆడవాళ్లు తెలుగులో లేరా? ఉన్నారు. భానుమతి గారు 'అత్తగారి కథలు'తో తెలుగు ఇళ్లన్నీ నవ్వించారు, 'నాలో నేను' అని ఆత్మకథ కూడా రాశారు. సీమ నుంచి చూస్తే కదిరిలో పుట్టిన రమాప్రభ గారు దశాబ్దాల పాటు వెండితెర మీద నవ్వించారు. బయట చూస్తే అమెరికాలో అపర్ణ నంచర్ల ఉంది. తెలుగు తల్లిదండ్రుల బిడ్డ. తన దిగులు, తన ఆందోళన, తన మీద తనకి నమ్మకం లేకపోవడం, ఇవే ఆమె కామెడీ. 2023లో వాటి మీదే పుస్తకం రాసింది. అంతా ఇంగ్లీషులో. ఇన్ని ముక్కలూ మన దగ్గర ఉన్నాయి. ఒక ఆడమనిషి, ఒక మైకు, సొంత కథ, సొంత యాస, ఈ నాలుగూ ఒకే స్టేజీ మీద కలిసి కూర్చోవడమే మిగిలింది.

ఇప్పుడు హైదరాబాద్‌లో, విజయవాడలో కేఫుల్లో తెలుగు స్టాండప్ నడుస్తోంది. రీల్స్‌లో సీమ యాసకి లక్షల వ్యూస్ వస్తున్నాయి. చాలా వాటిల్లో నవ్వించేది యాస ఒక్కటే. "ఏందిరప్పా" అనగానే నవ్వు, అక్కడితో కట్. ముప్పై సెకన్లలో రెండు ముక్కలే పడతాయి. మూడో ముక్కకి గంట కావాలి.

మరి నవ్వడం మానెయ్యాలా?

'నానెట్' వచ్చినప్పుడు ఇది కామెడీయే కాదు, ఉపన్యాసం అన్నవాళ్లు చాలామంది. టికెట్ కొన్నది నవ్వడానికి, ఏడ్చి రమ్మంటే ఎట్లా అన్నారు. ఆ మాటలో కొంత న్యాయం ఉంది. చివరి ఇరవై నిమిషాలు కుర్చీలో కూర్చోవడం కష్టం. హింస, అత్యాచారం ప్రస్తావన ఉంటుంది, చూసే ముందు మీకు తెలిసి ఉండటం మంచిది.

కానీ కామెడీ మానేస్తానన్న హన్నా నిజంగా మానలేదు. 2020లో 'డగ్లస్'తో మళ్లీ వచ్చారు. అందులో తన ఆటిజం గురించి చెప్పి నవ్వించారు కూడా. నాకు ఇది మాట తప్పినట్టు అనిపించలేదు. మూడో ముక్క ఒకసారి బయటపెట్టాక, మొదటి రెండు ముక్కలతో మళ్లీ ఆడుకునే స్వేచ్ఛ వచ్చింది అనిపించింది.

మా ఇంట్లోనూ అదే జరిగింది. పోయిన నెల పెళ్లిలో మళ్లీ ఎవరో అడిగారు. జేజి మళ్లీ చెప్పింది. మొగుడు మళ్లీ గడ్డిలోంచి రాలాడు, అందరూ మళ్లీ నవ్వారు. మా నాయన మాత్రం నవ్వుతూనే వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. చంకలో ఉన్న పిల్లోడు ఆయనే. ఆ తలుపు సంగతి ఇప్పుడు ఆయనకి తెలుసు.

జోకు అబద్ధం కాదు. అందరి ముందూ చెప్పుకోగలిగినంత నిజం అది. కానీ ఊరంతా, తరాల తరబడి ఆ ముక్కే చెప్పుకుంటూ పోతే, తలుపు తీసిన మనిషి కథలోంచి మాయమైపోతుంది. వామిలో దాక్కున్న మనిషి మిగులుతాడు. బాంబులు మిగులుతాయి. సుమోలు మిగులుతాయి. దాన్నే సినిమావాళ్లు తీసుకెళ్లి పెద్ద తెర మీద వేస్తారు. అది చూసి లంచ్ టేబుల్ దగ్గర మనల్ని ప్రశ్న అడుగుతారు. మనం మళ్లీ జోకు వేస్తాం. ఈ చక్రం ఎక్కడో ఒక చోట ఆగాలంటే ఎవరో ఒకరు మూడో ముక్క చెప్పాలి.

నంద్యాలలోనో ఆళ్లగడ్డలోనో ఏదో ఒక కాలేజీ ఆడిటోరియంలో ఒకమ్మాయి అట్ట కిరీటం లేకుండా స్టేజీ ఎక్కి, "యాడ మొదలుపెట్టల్ల?" అని తన మాటలో తన కథ చెప్పే రోజు వస్తుందని నా నమ్మకం. మొదటి అరగంట నవ్వి చచ్చిపోతాం. తర్వాత హాల్లో ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ వినపడదు. ఆ పిల్ల ఇప్పుడు ఇంటర్లో ఉందేమో. ఈ పేజీ చదువుతోందేమో కూడా.

ఈలోపు మనం చెయ్యగలిగింది ఒకటుంది. ప్రతి ఇంట్లో అందర్నీ నవ్వించే ఒక ఆడమనిషి ఉంటుంది. అత్త కావచ్చు, చిన్నమ్మ కావచ్చు, అవ్వ కావచ్చు. ఈసారి పండక్కి వెళ్లినప్పుడు ఆమె కథ చెప్తే బాగా నవ్వండి. నవ్వి అందరూ లేచిపోయాక మీరొక్కరు కూర్చోండి. "తర్వాతేమైంది?" అని అడగండి. చెప్పనంటే వదిలేయండి, అది ఆమె ఇష్టం. చెప్తానంటే మాత్రం ఫోన్ బోర్లా పెట్టండి. రికార్డింగ్ వద్దు, రీల్ వద్దు. ముందు వినండి.